పరుగు సరే, రాత్రి ఎక్కడ ఉంటుంది?

ఆడపిల్ల ఆటల్లోకి వెళ్తానంటే ఇంట్లో వచ్చే అభ్యంతరాలు మనందరికీ కంఠతా వచ్చు. చదువు వెనకబడుతుంది, ఎండకు నల్లబడుతుంది, కాలో చెయ్యో విరిగితే రేపు ఎవరు చేసుకుంటారు... వీటన్నిటినీ ఈ రోజుల్లో ఏదో ఒకలా దాటేస్తున్నాం. సింధు పేరు, నిఖత్ పేరు చెప్పి పెద్దవాళ్ల నోళ్లు మూయిస్తున్నాం కూడా. కానీ పిల్ల మండలం దాటి, జిల్లా దాటి, రాష్ట్ర స్థాయికి ఎంపికైంది అనగానే ఇంకో ప్రశ్న లేస్తుంది. దానికి మాత్రం మన దగ్గర ఇంకా జవాబు లేదు. "మరి రాత్రి ఎక్కడ ఉంటుంది?"

నేను చూసినంతలో, మా హనుమకొండలో చాలామంది ఆడపిల్లల ఆట ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతోంది. కోచ్ వద్దనలేదు, కాళ్లలో బలం తగ్గలేదు. రెండు రాత్రులు ధైర్యంగా పంపగలిగే చోటు దొరక్క ఇంట్లో వాళ్లు ఆపేశారు, అంతే.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. 400 మీటర్లు పరుగెత్తుతుంది. పొద్దున్నే ఐదున్నరకు మా ఆయన బండి మీద తీసుకెళ్లి జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో దింపి వస్తారు. ఊళ్లో వాళ్లకు చాలామందికి అది వాకింగ్‌కు వెళ్లే చోటు. కానీ ఆ ట్రాక్ సామాన్యమైనది కాదు. 2021 సెప్టెంబరులో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు అక్కడే జరిగాయి. పంజాబ్ అమ్మాయి హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4 నిమిషాల 5.39 సెకన్లలో పూర్తి చేసి, 2002 బుసాన్ ఆసియా క్రీడల్లో సునీతా రాణి నెలకొల్పిన జాతీయ రికార్డును పందొమ్మిదేళ్ల తర్వాత మన ఊళ్లో చెరిపేసింది. ఆ హర్మిలన్ తల్లి మాధురి కూడా పరుగు మనిషే. హర్మిలన్ కడుపులో ఉండగా ఉద్యోగం కోసం ట్రయల్స్‌లో పరుగెత్తాల్సి వచ్చిందట. బిడ్డకు నాలుగేళ్లు వచ్చాక అదే బుసాన్‌లో 800 మీటర్లలో రజతం తెచ్చింది. తల్లీకూతుళ్ల కథ మా అమ్మాయికి చెబితే, "అయితే అమ్మా, నువ్వు కూడా రేపట్నించి రా" అంది. ఆ సంగతి వేరే రోజు రాస్తాను.

అసలు విషయానికి వస్తాను. కిందటేడు మొదటిసారి రాష్ట్ర స్థాయి పోటీకి పంపాం. ఊరు, సంస్థ పేర్లు ఇక్కడ అక్కర్లేదు. పిల్లలందరికీ ఒక స్కూల్లో వసతి అన్నారు. బెంచీలన్నీ ఒక గోడకు జరిపి, కింద పట్టాలు పరిచారు. ఒక్కో గదిలో పాతికమంది. ఉన్న బాత్రూములు రెండు, అందులో ఒకదానికి గడియ లేదు. తల్లులకు లోపలికి ప్రవేశం లేదు. పిల్లలను దింపి వెళ్లిపోవాలి. వెళ్లలేని నాలాంటి వాళ్లం నలుగురం స్కూలు గేటు ఎదురుగా ఉన్న గుడి అరుగు మీద కూర్చుని తెల్లవార్లూ కబుర్లు చెప్పుకున్నాం.

పొద్దున పిల్ల బయటికి వచ్చాక అడిగాను, నీళ్లు తాగావా అని. లేదంది. రాత్రి బాత్రూముకు వెళ్లాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్లు మానేశారట. తనొక్కతే కాదు, గదిలో సగం మంది. ఎండలో పరుగెత్తాల్సిన పిల్లలు, ముందు రోజు సాయంత్రం నుంచి గొంతు ఎండగట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు ట్రాక్ మీద ముగ్గురికి పిక్కలు పట్టేశాయి. అందరూ "ప్రాక్టీసు చాలలేదు" అన్నారు. బాత్రూము గడియ గురించి ఎవరూ మాట్లాడలేదు.

అదే పోటీకి మాతో వచ్చిన ఇంకో అమ్మాయి ఉంది. మా అమ్మాయి కంటే బాగా పరుగెత్తుతుంది. హీట్స్‌లో మొదటి స్థానం. ఆ రాత్రి పదింటికి వాళ్ల నాన్న ఫోన్లో వసతి సంగతి విని, ఎవరిదో బండి అడిగి తీసుకుని, వచ్చి పిల్లను ఇంటికి తీసుకెళ్లిపోయాడు. మర్నాడు ఫైనల్లో ఆ లేన్ ఖాళీగా ఉంది. ఆ తండ్రిని నేను తప్పు పట్టలేను. నా బిడ్డ విషయంలో నేను గుడి అరుగు మీద కూర్చోగలిగాను. ఆయనకు మర్నాడు పొద్దున కూలికి వెళ్లాలి. ఆ అమ్మాయి తర్వాత ఏ పోటీకీ రాలేదు.

అందుకే ఈసారి పోటీలు హైదరాబాద్‌లో అనగానే, ఏమైనా సరే హోటల్లో ఉందామని నేనే పట్టుబట్టాను. హనుమకొండలో ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఉప్పల్‌లో దిగి, మెట్రోలో అమీర్‌పేటలో మారి, అసెంబ్లీ స్టేషన్ నుంచి ఆటోలో వెళ్లాం. ఎల్బీ స్టేడియానికి నడిచి వెళ్లేంత దూరంలో, నగరం నడిబొడ్డున, ఒక హోటల్లో గది తీసుకున్నాం. ఫోన్లో ఫోటోలు చూసి మా అమ్మాయే ఎంచింది. ఎందుకంటే అది ఆటల హోటల్! లోపల అంతా ఆటల అలంకరణే. వరండాలో పచ్చిక లాంటి తివాచీ, గది నంబరు ఆటగాడి చొక్కా మీద అంకెలా, అద్దం చుట్టూ టెన్నిస్ రాకెట్ చట్రం, తలదిండు మీద క్రికెట్ బంతి కుట్లు. పిల్ల కళ్లు ఇంతింతయ్యాయి. కిటికీ తీస్తే మాత్రం అబిడ్స్ వైపు వెళ్లే బస్సుల హారన్లు, రాత్రి పన్నెండు దాకా తగ్గని రొద.

ఇలాంటి హోటళ్లు ఇప్పుడు లోకమంతా వ్యాపారమే. ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియానో రొనాల్డో పేరుతో ఆయన సొంతూరు ఫుంచాల్‌లో, లిస్బన్‌లో, మాడ్రిడ్‌లో, న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ దగ్గర హోటళ్లున్నాయి. మాంచెస్టర్‌లో ఓల్డ్ ట్రాఫర్డ్ స్టేడియానికి ఎదురుగానే ఫుట్‌బాల్ పేరుతోనే ఒక హోటల్ ఉంది. టొరంటోలో ఒక హోటల్లో కొన్ని గదుల్లో పడుకునే కిటికీలోంచి బేస్‌బాల్ మ్యాచ్ చూడొచ్చు. ఆటంటే ఇష్టమున్న వాళ్లు డబ్బు పెట్టి ఆ గాలి పీల్చుకుని వస్తారు. అందులో తప్పేమీ లేదు. గుడికెళ్లి దేవుడి పటం కొనుక్కున్నట్టే.

కానీ రెండు రోజులు ఆ గోడల మధ్య ఉన్నాక నాకు రెండు సంగతులు తట్టాయి. మొదటిది, ఆ గోడల మీద ఆడవాళ్లు ఎంతమంది? లెక్కపెట్టాం. లిఫ్ట్ పక్కన సింధు ఒక్కతే. మిగతా అంతా మగవాళ్లు, సగానికి పైగా క్రికెట్. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ తెలుగు అమ్మాయే. శ్రీకాకుళం నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి, 2000 సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. తెలుగు నేల నడిమధ్యన ఉన్న ఆటల హోటల్లో ఆమెకు అరచేయంత చోటు లేదు. మా అమ్మాయి "మల్లీశ్వరి ఎవరమ్మా?" అని అడిగింది. గోడలే చెప్పకపోతే పిల్లలకు ఎలా తెలుస్తుంది?

రెండోది ఇంకా ముఖ్యం. ఆ హోటల్ ఆట చూసేవాళ్ల కోసం కట్టింది, ఆడేవాళ్ల కోసం కాదు. టిఫిన్ ఏడున్నరకు మొదలు. మా అమ్మాయి ఆరున్నరకల్లా మైదానంలో ఉండాలి. రిసెప్షన్‌లో అడిగితే నవ్వి, "వంటవాళ్లే ఏడింటికి వస్తారు మేడమ్" అన్నారు. మన సంగతి మనకు తెలుసు కదా, నేను సద్ది కట్టుకునే వెళ్లాను. అటుకులు, అరటిపండ్లు, సత్తుపిండి, పల్లీ పట్టీలు. టీ కోసం గదిలో పెట్టిన కెటిల్‌లో నాలుగు గుడ్లు ఉడకబెట్టాను. ఆ సంగతి హోటల్ వాళ్లకు చెప్పకండి.

అయినా ఆ గది మా పిల్లకు ఇవ్వాల్సింది ఇచ్చింది. గడియ పడే బాత్రూము, వేడి నీళ్లు, పక్కన తల్లి, చెవుల్లో దూది పెట్టుకుని పడుకున్న ఏడు గంటల నిద్ర. మర్నాడు తన పాత సమయం కంటే సెకనుకు పైగా తగ్గించింది. పతకం రాలేదు, ఐదో స్థానం. కానీ అదే కాళ్లు, అదే కోచ్, అదే ప్రాక్టీసు. మారింది రాత్రి ఒక్కటే.

ఇంటికి రాగానే లెక్క చెప్పాల్సి వచ్చింది. బస్సుకు పైసా కాలేదు. మెట్రో, ఆటో, రెండు రాత్రుల గది, తిండి అన్నీ కలిపి తొమ్మిది వేలు దాటింది. మా అత్తమ్మ విని, "ఒక్క నిమిషం ఉరుకుడుకు రెండు రాత్రుల హోటలా బిడ్డా?" అంది. ఆమె అన్నదాంట్లో వెటకారం లేదు, నిజంగానే ఆశ్చర్యం. నేను చెప్పిన జవాబు ఒకటే. "ఆ ఒక్క నిమిషం కోసమే కదత్తమ్మా ఏడాదంతా పొద్దున ఐదింటికి లేస్తోంది. ముందు రాత్రి నిద్ర లేకపోతే ఏడాదంతా నీళ్లపాలే." ఆమెకు నచ్చింది. కానీ నాకే నచ్చలేదు. ఎందుకంటే మేము తొమ్మిది వేలు సర్దగలిగాం. కిందటేడు ఖాళీ లేన్ వదిలి వెళ్లిన ఆ అమ్మాయి ఇంట్లో అది నెల కూలి.

మన జిల్లా పిల్లే, జీవంజి దీప్తిని తలుచుకోండి. పర్వతగిరి మండలం కల్లెడ. తల్లిదండ్రులు కూలి పని చేసుకునేవాళ్లు. మేధోపరమైన ఇబ్బందితో పుట్టిన పిల్లను ఊళ్లో ఎన్నో మాటలన్నారు. మన వరంగల్ కోచ్ నాగపురి రమేశ్ ఆమె పరుగు చూసి హైదరాబాద్‌కు శిక్షణకు పంపమన్నప్పుడు, అది బస్సు ఛార్జీలకే వెతుక్కునే ఇల్లు. అయినా పంపారు. 2024 మే నెలలో కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో 400 మీటర్ల టీ20 విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు, స్వర్ణం. అదే ఏడాది సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. ఆ తల్లి ఆ రోజు బిడ్డను కళ్లకు దూరంగా పంపటానికి ఎంత గుండె చిక్కబట్టుకుని ఉంటుందో మనలాంటి వాళ్లకే తెలుస్తుంది. దీప్తికి ఉండే చోటు చూపించిన మనుషులు దొరికారు. దొరకని దీప్తిలు ఎంతమందో ఎవరూ లెక్క రాయరు.

ఇలా అంటే వచ్చే జవాబు ఒకటుంది. "కష్టపడితేనే ఆటగాళ్లవుతారు, మేమంతా నేల మీద పడుకునే వచ్చాం" అంటారు పెద్ద కోచ్‌లు కూడా. నేల మీద పడుకోవటం నాకు అభ్యంతరం కాదు. మా పెళ్లిళ్లలో చుట్టాలందరం చాపల మీదే పడుకుంటాం. కానీ మగపిల్లాడు డాబా మీద పడుకుని, బోరింగు దగ్గర స్నానం చేసి, ఏ చెట్టు చాటుకో వెళ్లి వస్తాడు. అదే వసతి ఆడపిల్లకు ఇస్తే ఆమె నీళ్లు మానేస్తుంది, నెలసరి రోజులైతే అసలు రావటమే మానేస్తుంది. ఇద్దరికీ ఒకే కష్టం ఇచ్చామని మనం అనుకుంటాం, ఆమె మీద పడేది రెట్టింపు. ట్రాక్ మీద కష్టం పిల్లను గట్టిపరుస్తుంది. గడియ లేని బాత్రూము ఏ పిల్లనూ గట్టిపరచదు.

ఈ నిర్లక్ష్యం ఎంత దూరం పోతుందో 2022లో దేశమంతా చూసింది. ఉత్తరప్రదేశ్‌లోని సహరన్‌పూర్‌లో బాలికల కబడ్డీ పోటీలకు వచ్చిన పిల్లలకు వండిన అన్నం స్టేడియం మరుగుదొడ్డిలో పెట్టి వడ్డించారు. వీడియో బయటికి వచ్చాక అధికారిని సస్పెండ్ చేశారు. వీడియో రాకపోతే ఆ పిల్లలు ఆ అన్నమే తిని, ఆడి, ఇంటికి వెళ్లి "బాగానే ఉందమ్మా" అని చెప్పి ఉండేవాళ్లు. మన పిల్లలు మనకు ఎన్ని చెప్పటం లేదో ఆలోచించండి. చెబితే తర్వాతి పోటీకి పంపరని వాళ్లకు తెలుసు.

మరి ఏం చేయాలి? మన దగ్గర సగం పని జరిగే ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అంటే రాష్ట్రంలో ఏ మూల నుంచైనా పిల్ల, తోడుగా తల్లి, పైసా లేకుండా పోటీ జరిగే ఊరికి చేరగలరు. బస్సు ఖర్చు పోయింది, రాత్రి ఖర్చు మిగిలింది. ఏడాదంతా ఉండి నేర్చుకునే పిల్లలకు హకీంపేట స్పోర్ట్స్ స్కూల్ లాంటివి ఉన్నాయి. రెండు రోజులు వచ్చిపోయే పిల్లల గురించే ఎవరూ ఆలోచించలేదు.

మనకు ఇది కొత్త విద్య కూడా కాదు. దేవుడి దగ్గరికి వెళ్లేవాళ్లు రాత్రి ఎక్కడ ఉంటారని మన పెద్దలు ఎన్నడో ఆలోచించారు, సత్రాలు కట్టారు. తిరుపతి వెళ్లినా, భద్రాచలం వెళ్లినా, వేములవాడ వెళ్లినా ఏదో ఒక సత్రం, ఏదో ఒక గది ఉంటుందనే ధైర్యంతోనే పిల్లాపాపలతో బయలుదేరతాం. స్టేడియం దగ్గర కూడా అలాంటిది ఒకటి ఉండాలంటున్నాను. ఆటల సత్రం అనుకోండి. ముప్పై మంచాలు చాలు. గడియ పడే బాత్రూములు, వేడి నీళ్లు, నెలసరి ప్యాడ్లు, రాత్రంతా ఉండే ఒక ఆడ వార్డెన్. తల్లినో అక్కనో వెంట ఉండనిచ్చే నియమం. పొద్దున ఐదింటికి ఇడ్లీ, గుడ్డు, అరటిపండు. నామమాత్రపు అద్దె పెట్టినా ఇస్తాం. స్టేడియాల చుట్టూ దుకాణాలకు చోటు దొరికినప్పుడు, లోపల పరుగెత్తే పిల్లలు పడుకోవటానికి చోటు దొరకదా?

ఆటల పేరుతో నడిచే హోటళ్లను కూడా ఒకటి అడగాలనుంది. పోటీలు జరిగే రోజుల్లో ఒకటి రెండు గదులు, పోటీకి వచ్చిన ఆడపిల్లలకూ వాళ్ల తల్లులకూ తక్కువ అద్దెకు ఇవ్వండి. ముందు రాత్రే చెబితే పొద్దున టిఫిన్ పొట్లం కట్టించండి. ఏ పిల్లైనా మీ గదిలో పడుకుని పతకం గెలిస్తే ఆమె ఫోటో గోడకు పెట్టుకోండి. కొన్న పటం కంటే అది ఎక్కువ అందంగా ఉంటుంది.

ప్రభుత్వాలు, హోటళ్లు కదిలేదాకా మనం ఊరికే కూర్చోవాల్సిన పని లేదు. పిల్లను పంపేముందు మూడు ప్రశ్నలు పీఈటీ సారునో టీచరమ్మనో తప్పకుండా అడగండి. ఎన్ని బాత్రూములు, గడియలున్నాయా? రాత్రి పిల్లలతో ఉండే ఆడమనిషి ఎవరు? తల్లి వెంట ఉండొచ్చా? ఒక్కరు అడిగితే గొణుగుడు అంటారు, పదిమంది తల్లులు అడిగితే ఏర్పాటు చేస్తారు. అందరం వెళ్లలేకపోతే వంతులు వేసుకుని, ఒక్కో పోటీకి ఇద్దరు తల్లులం అందరి పిల్లలకూ తోడుగా వెళ్దాం. మా అమ్మాయి బ్యాచ్ తల్లులం ఈ పని మొదలుపెట్టాం కూడా.

ఇంకొకటి మన చేతిలోనే ఉంది. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తే మన ఇళ్లు ఎలా ఉంటాయో గుర్తుందా? చుట్టాల చుట్టాలు, వాళ్ల ఊరివాళ్లు, ముఖం తెలియని వాళ్లకు కూడా హాల్లో పట్టా పరిచి, తెల్లారేసరికి బకెట్ల కొద్దీ వేడి నీళ్లు కాచి పంపుతాం. నెహ్రూ స్టేడియంలో ఈసారి పోటీలు పెట్టినప్పుడు, జనగామ నుంచో, ములుగు నుంచో, ఆదిలాబాద్ నుంచో వచ్చే పిల్లల్లో ఇద్దరిని, తల్లులతో సహా, మా ముందు గదిలో ఉంచుకుంటానని పీఈటీ మేడమ్‌కు చెప్పి వచ్చాను. మా అత్తమ్మ అప్పుడే గుడ్లు ఎన్ని కావాలని అడుగుతోంది. సుబేదారిలోనో బాలసముద్రంలోనో నయీంనగర్‌లోనో ఉన్నవాళ్లు, మీ ఇంట్లో రెండు మంచాల చోటుంటే మీరూ పేరు ఇవ్వండి. పదిళ్లు కలిస్తే ఇరవై మంది ఆడపిల్లలు ఆ రాత్రి భయం లేకుండా నీళ్లు తాగి పడుకుంటారు.